ఢిల్లీ నంబరు లగ్జరీ బండి చవగ్గా వస్తోందా? రాయగడ, కోరాపుట్ వైపు కొనేవాళ్ళకి జాగ్రత్త హెచ్చరిక

బీఎండబ్ల్యూ, ఆడి, మెర్సిడెస్... వీటిలో ఒక్కటైనా ఇంటి ముందు నిలబెట్టాలన్న కోరిక ఉన్నవాళ్ళు రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడిలో తక్కువేం లేరు. ఆ కోరికలో తప్పు లేదు. తప్పంతా కొనే పద్ధతిలో ఉంది. బయటి రాష్ట్రం నుంచి వాట్సాప్ ఫొటోలు చూసి తెప్పించుకున్న డీజిల్ బీఎండబ్ల్యూ 320డీ ఒకటి మన వైపు షెడ్డులో కదలకుండా పడి ఉంది. డబ్బు మొత్తం కట్టేశారు. పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాలేదు, ఆర్‌సీలో ఫైనాన్సు అలాగే కనిపిస్తోంది, ఇంజిన్ వెనక నుంచి గరగరమని శబ్దం. అమ్మిన బ్రోకరు ఫోను ఎత్తడం లేదు. ఇందులో ఏ ఒక్కటీ ముందు తెలుసుకోలేనిది కాదు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు ఆ ధర ఎందుకు తక్కువో తెలుసుకోండి. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌లో 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత అమలులో మార్పులు వస్తూనే ఉన్నాయి. అందుకే అక్కడ ఎనిమిది తొమ్మిదేళ్ళ డీజిల్ బండికి రేటు ఒక్కసారిగా పడిపోతూ వచ్చింది. కాబట్టి తక్కువ రేటున్న ప్రతి బండీ చెడ్డది కాదు. కానీ పదేళ్ళు నిండిన రోజు, ఎన్‌ఓసీ వచ్చిన రోజు, ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఢిల్లీ డీజిల్ బండికి అడ్వాన్సు కట్టొద్దు. గడువు దాటిన బండి ఎన్‌ఓసీ మీద నియమాలు చాలాసార్లు మారాయి. "అదంతా మేం చూసుకుంటాం సార్" అన్న మాట రేపు ఆర్టీఓ కౌంటరు దగ్గర పనికిరాదు.

బండి చూడ్డానికి రైలెక్కే ముందే కాగితాలు చూడాలి. ఆర్‌సీ ఫొటో తెప్పించుకుని ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. ఓనరు ఎన్నోవాడు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, ఫైనాన్సు ఉందా లేదా అన్నవి అక్కడ కనపడతాయి. చలాన్లు విడిగా ఈ-చలాన్ పోర్టల్‌లో చూడండి. ఫైనాన్సు కంపెనీ పేరు ఇంకా ఉంటే లోను తీరిందన్న మాట నమ్మొద్దు. లోను తీరితే బ్యాంకు ఎన్‌ఓసీ ఇస్తుంది, దాంతో ఫారం 35 పెట్టి ఆర్‌సీలో ఆ పేరు తీయించాలి. అది తీయించే పని అమ్మేవాడిది. అది పూర్తయ్యాకే మాట్లాడదామనండి. బండి మీద దొంగతనం కేసు ఉందేమో ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి వాహన్ సమన్వయ్ పోర్టల్‌లో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఇచ్చి చూసుకోవచ్చు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకి ఆర్టీఓ నుంచి ఆథరైజేషన్ ఉండాలన్న కేంద్ర నియమం అమల్లోకి వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఫారం 29బి. ఓనరు బండిని డీలరుకి అప్పగించినప్పుడు ఫారం 29సి పోర్టల్‌లో పెట్టాలి. నేను డీలరుని అని చెప్పేవాడిని ఈ రెండూ చూపించమనండి. చూపించలేకపోతే అతను డీలరు కాదు, మధ్యవర్తి. అలాంటప్పుడు ఆర్‌సీలో పేరున్న ఓనరుతోనే నేరుగా మాట్లాడాలి, డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలోనే వేయాలి. బ్రోకరు యూపీఐకి పంపిన డబ్బుకి బండితో ఉన్న సంబంధం రుజువు చేయడం చాలా కష్టం.

బయటి రాష్ట్రం బండి మన పేరు మీదకి మారాలంటే పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, పేరు మార్పుకి ఫారం 29, 30, కొత్త నంబరుకి ఫారం 27 కావాలి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో పేరు మార్పుకి అర్జీ పెట్టాలి. వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలకి మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. రాయగడలో అయితే ఓడీ 18, కోరాపుట్‌లో ఓడీ 10, గజపతిలో ఓడీ 20. పార్వతీపురంలోనో విజయనగరంలోనో చుట్టాల ఇంటి అడ్రసు ఇచ్చి ఏపీ నంబరు వేయించి ఇక్కడ తిప్పుకునే అలవాటు మన సరిహద్దులో బాగా ఉంది. ఖరీదైన బండికి మాత్రం ఆ పని చేయొద్దు. రోజూ ఒకే ఊళ్ళో తిరిగే ఆడి అందరి కళ్ళలోనూ పడుతుంది. ఏడాది దాటాక పన్ను, జరిమానా రెండూ కట్టాలి.

పన్ను లెక్క ముందే వేసుకోండి. ఢిల్లీలో కట్టిన రోడ్డు ట్యాక్సు ఇక్కడ చెల్లదు. ఒడిశా పన్ను ఇక్కడ మళ్ళీ కట్టి, మిగిలిన కాలానికి వాపసు కోసం పాత రాష్ట్రంలో అర్జీ పెట్టాలి. ఆ వాపసు చేతికి వస్తుందని బడ్జెట్‌లో రాసుకోవద్దు. బండి ఇన్వాయిస్ ధర, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ తీసుకెళ్ళి మన ఆర్టీఓలో పన్ను ఎంతవుతుందో అడిగి, ఆ అంకె బండి ధరకి కలిపాకే ఇది చవకా కాదా తేల్చండి.

ఇన్సూరెన్స్ విషయంలో ఎక్కువమంది పొరబడుతున్నారు. బండి చేతులు మారాక 14 రోజుల్లో పాలసీ మన పేరుకి మార్చమని కంపెనీకి రాయాలి. మార్చకుండా ఘాట్‌లో గుద్దుకుంటే ఎదుటివాడి నష్టం వరకూ పాలసీ పనిచేస్తుంది గానీ మన బండి రిపేరుకి క్లెయిము తిప్పికొడతారు. పాత పాలసీలో ఎన్‌సీబీ (క్లెయిము చేయనందుకు ఇచ్చే తగ్గింపు) శాతం కూడా చూడండి. 50 శాతం అంటే వరసగా ఐదేళ్ళు క్లెయిము లేదని. ఒకే ఓనరు దగ్గర ఉన్న ఆరేళ్ళ బండికి సున్నా ఉంటే ఈ మధ్యే క్లెయిము జరిగి ఉండొచ్చు, ఏం రిపేరో అడగండి. ఎన్‌సీబీ ఓనరుదే గానీ బండిది కాదు, వేరే బండి నుంచి తెచ్చుకునే వీలుంది. కాబట్టి ఇది అనుమానానికి ఆధారమే, రుజువు కాదు.

ఇక నీట మునిగిన బండ్లు. చెన్నైలో 2015 డిసెంబరు, మళ్ళీ 2023 డిసెంబరు; హైదరాబాద్‌లో 2020 అక్టోబరు; విజయవాడలో 2024 సెప్టెంబరు. ఈ వరదల్లో సెల్లారుల్లో ఎన్నో ఖరీదైన బండ్లు మునిగాయి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్ కింద లెక్కకట్టి డబ్బిచ్చేస్తుంది, బండి తుక్కు రేటుకి వేలంలో పోతుంది. అక్కడి నుంచి కడిగి, తుడిచి, పాలిష్ కొట్టి మళ్ళీ మన ముందుకు వస్తుంది. పైన మెరుపు చూసి ఏం తెలియదు. సీటు బెల్టు చివరిదాకా, ఇక రాదు అన్నంతవరకూ బయటికి లాగండి. లోపల చుట్టుకుని ఉండే ఆ ఆఖరి రెండు జానల పట్టీని ఎవరూ కడగరు. మునిగిన బండయితే అక్కడ మట్టి రంగు గీత తిన్నగా కనిపిస్తుంది, ముక్కు దగ్గర పెడితే బురద వాసన వస్తుంది. తర్వాత డ్రైవరు పక్క డోరు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ పట్టీ లేపి, కార్పెట్ కింద ఫోమ్‌ని టిష్యూ కాగితంతో గట్టిగా నొక్కి, తడి అంటుతోందేమో చూడండి. సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు, ఫ్యూజు బాక్సు కనెక్టర్లలో పచ్చటి చిలుము, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఇసుక ఉన్నాయేమో చూడండి. పాత ఆడి ఏ4 లాంటి వాటిలో కొన్ని ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు కార్పెట్ కిందే ఉంటాయి. ఒకసారి నీళ్ళు తాగిన మాడ్యూలు ఆరు నెలలు బాగానే పనిచేసి, ఓ వానాకాలం పొద్దున డోరు లాకులు, అద్దాలు, సెంట్రల్ లాకింగ్ ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. దానికి షెడ్డులో మందు లేదు, మాడ్యూలు మార్చి కోడింగ్ చేయించాలి.

ఇంజిన్ సంగతి. 2008 నుంచి 2015 మధ్య వచ్చిన చాలా 320డీ బండ్లలో ఉన్నది ఎన్47 ఇంజిన్. దాని టైమింగ్ చైను (వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే గొలుసు) ముందు వైపు కాదు, వెనక గేరుబాక్సు వైపు ఉంటుంది. చైను, గైడ్లు అరిగితే మార్చడానికి ఇంజినో గేరుబాక్సో దించాలి. తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ పోతుంది. ఇది పట్టుకోవాలంటే చల్లటి ఇంజిన్ కావాలి. మీరు వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంటే అప్పటికే స్టార్టు చేసి పెట్టారన్నమాట. రేపు పొద్దున్నే వస్తామని చెప్పి వెళ్ళిపోండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య మెల్లగా పెంచుతూ డాష్‌బోర్డు వైపు నుంచి గొలుసు రాసుకుంటున్న చప్పుడు వస్తోందేమో వినండి. వస్తే బేరం తగ్గించి కొందామనే ఆలోచన కూడా వద్దు.

ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదనే మాట నమ్మకండి. బీఎండబ్ల్యూలో వాడే 8 స్పీడు గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్గం బండ్లలో 6 స్పీడు తడి క్లచ్ డీఎస్‌జీకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు) 60,000 కి.మీ.కి ఒకసారి. 7 స్పీడు పొడి క్లచ్ రకంలో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పాడవడం చాలాచోట్ల వచ్చిన గొడవే. ట్రాఫిక్‌లో పాకించినట్టు నడిపి, మొదటి రెండు గేర్ల దగ్గర కుదుపు ఉందేమో చూడండి. బండి కంప్యూటరులోని ఫాల్టు కోడ్లు చదివే ఓబీడీ స్కానరు పెట్టాక ఒక్క ఫాల్టూ రాకపోతే సంబరపడొద్దు. కోడ్లు ముందు రోజే చెరిపేసి ఉండొచ్చు. నలభై యాభై కిలోమీటర్లు నడిపి మళ్ళీ స్కాన్ పెట్టాలి.

మీటరు వెనక్కి తిప్పడం చాలా సులువు. బీఎండబ్ల్యూ తాళం చెవిలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి, కంపెనీ సర్వీసులో ఆ తాళం చదివి చెబుతారు. టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. మీటరులో 30,000 కి.మీ. చూపిస్తూ టైర్లు రెండోసారి మార్చి ఉంటే లెక్క కుదరదు. తాళాలు రెండూ లేకపోతే రెండోది ఎవరి దగ్గరుందో తేలాలి.

మన దారుల గురించి కూడా ఒక మాట. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఎన్‌హెచ్ 26 మీద బండి ఆగితే విశాఖ నుంచి ఫ్లాట్‌బెడ్ (బండిని మోసుకెళ్ళే లారీ) రావాలి. చాలా బీఎండబ్ల్యూల్లో స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. పంక్చరయ్యాక అవి దాదాపు 80 కి.మీ., అదీ గంటకి 80 దాటకుండా వెళ్తాయి. పక్క గోడ దెబ్బతింటే ఆ మాత్రం కూడా వెళ్ళవు. కొనే ముందు అదే సైజు టైరు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో స్టాకుందేమో, ఎంతో కనుక్కోండి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి దండ వేశాక బండి వెనక్కి ఇవ్వడానికి మనసొప్పదు. ఈ తనిఖీలన్నీ దండ పడక ముందే అయిపోవాలి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఇరుక్కున్నవాళ్ళుంటే: చాట్లు, ఫోన్ రికార్డింగులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రకటన స్క్రీన్‌షాట్లు చెరపకండి. ఆన్‌లైన్‌లో డబ్బు లాగేసి మాయమైతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. వ్యాపారం చేసే డీలరు మోసం చేస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్ళు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. కట్టిన మొత్తం 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్ళు.