రెగ్యులర్ కాదని చూపాలంటే: పంపింగ్ లెమ్మానా, మైహిల్–నెరోడ్ సిద్ధాంతమా?

ఒక భాష (అంటే కొన్ని స్ట్రింగుల, గుర్తుల వరసల, సమితి) రెగ్యులర్ కాదని, అంటే పరిమిత స్థితులున్న యంత్రమేదీ దాన్ని గుర్తించలేదని నిరూపించమంటే విద్యార్థులు మొదట పట్టుకునేది పంపింగ్ లెమ్మానే. గేట్ సిలబస్‌లోనూ దాని పేరే ఉంది. నేను మాత్రం మైహిల్–నెరోడ్ సిద్ధాంతాన్నే ముందు నేర్చుకోమంటాను.

రెగ్యులర్ భాషలో తగినంత పొడవున్న (ఆ హద్దే పంపింగ్ పొడవు) ఏ స్ట్రింగునైనా మూడు ముక్కలు చేసి, నడిమి ముక్కను ఎన్నిసార్లు రాసినా భాషలోనే ఉండేలా చేయొచ్చన్నది లెమ్మా. అందులో చిక్కంతా వంతుల దగ్గరే. పంపింగ్ పొడవు మన చేతిలో ఉండదు. స్ట్రింగును మనం ఎంచుకోవచ్చు. దాన్ని మూడు ముక్కలు చేసేది మళ్లీ మనం కాదు. నడిమి ముక్కను ఎన్నిసార్లు రాయాలన్నది మన ఇష్టం. తమకు అనువైన చోట స్ట్రింగును తామే విరిచి, నిరూపణ అయిపోయిందనుకునే వాళ్లు చాలామంది ఉంటారు.

1957–58 నాటి మైహిల్–నెరోడ్ ఆలోచన సూటిగా ఉంటుంది: ఇంతవరకు చదివిన దానిలో యంత్రం ఏం గుర్తుంచుకోవాలి? కొన్ని 0లు, వెంటనే సరిగ్గా అన్నే 1లు ఉండే భాషనే తీసుకోండి. మూడు 0లు చదివాక, ఐదు 0లు చదివాక యంత్రం ఒకే స్థితిలో ఉందనుకుందాం. ఆపైన మూడు 1లు వస్తే రెండింటికీ ఒకే జవాబు చెప్పక తప్పదు. కానీ మొదటిది భాషలో ఉంది, రెండోది లేదు. అంటే 0ల ప్రతి లెక్కకూ వేరే స్థితి కావాలి. పరిమిత స్థితులు చాలవు. వెనక ఏది చేర్చినా ఒకే జవాబు వచ్చే స్ట్రింగులన్నీ ఒక తరగతి; తరగతులు పరిమితమైతేనే భాష రెగ్యులర్ అన్నదే సిద్ధాంతం. ఎందుకు రెగ్యులర్ కాదో ఇక్కడ కళ్లకు కడుతుంది.

పైగా లెమ్మా అన్నిచోట్లా పనిచేయదు. వరసగా 0లు, 1లు, 2లు ఉండి (ఏవి లేకపోయినా సరే), సరిగ్గా ఒకే 0 ఉన్నప్పుడు మాత్రం 1లు, 2లు సమానం కావాలనే భాష లెమ్మా షరతులన్నీ నెగ్గుతుంది. అయినా రెగ్యులర్ కాదు! మైహిల్–నెరోడ్ దాన్ని వెంటనే పట్టేస్తుంది: ఒక 0 తర్వాత వచ్చే 1ల ప్రతి లెక్కా ఒక కొత్త తరగతే.

రెగ్యులర్ భాషలకూ ఈ సిద్ధాంతం అక్కరకొస్తుంది. 0, 1లతో రాసిన స్ట్రింగుల్లో చివరినుంచి 3వ గుర్తు 1 అయినవాటిని గుర్తించాలంటే 8 తరగతులు వస్తాయి. కాబట్టి 8 స్థితులకన్నా చిన్న డీఎఫ్ఏ (ప్రతి గుర్తుకూ తర్వాతి స్థితి ఒక్కటే ఉండే పరిమిత స్థితుల యంత్రం) గీయడం అసాధ్యం. ఆ మాట లెమ్మా చెప్పలేదు.

అయితే కాంటెక్స్ట్-ఫ్రీ భాషల (స్టాక్ జ్ఞాపకం కూడా ఉన్న యంత్రాలు గుర్తించే భాషల) దగ్గర పంపింగ్‌దే పైచేయి. బార్-హిల్లెల్, పెర్లెస్, షమీర్ 1961లో ఇచ్చిన పంపింగ్ లెమ్మా రూపం లేకుండా, 0లు, 1లు, 2లు వరసగా సమాన సంఖ్యలో ఉండే భాష కాంటెక్స్ట్-ఫ్రీ కాదని చూపడం కష్టం. కాబట్టి లెమ్మాను ఆ అధ్యాయం దాకా ఆపి, అక్కడ శ్రద్ధగా నేర్చుకోండి. పరీక్షలో ‘పంపింగ్ లెమ్మాతోనే’ అని అడిగితే తప్ప, రెగ్యులర్ భాషల ప్రశ్నకు మైహిల్–నెరోడ్‌తోనే జవాబు రాయండి.