పోపులపెట్టెలో కుట్టుసామాను: ఆరేళ్లు వాడాక

మా ఇంట్లో రెండు పోపులపెట్టెలున్నాయి. ఒకటి పొయ్యి పక్కన ఉంటుంది, రెండోది పట్టుచీరల బీరువాలో. నేను రాస్తున్నది రెండోదాని గురించి. ఏడు గిన్నెలు, బిగుతైన స్టీలు మూత. ఆవాలు, జీలకర్రలకు ఒకటి చాలని 2020లో దీన్ని కుట్టుసామానుకు మళ్లించాను. ఇప్పటికి ఆరేళ్లు.

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఇక్కడ మ్యాచింగ్ సెంటర్ అన్న మాటే లేదు. జాకెట్టు ముక్క చూపించగానే వందల రీళ్లలోంచి సరైన రంగు తీసి చేతిలో పెట్టే మనిషి విలువ దూరం వచ్చాకే తెలుస్తుంది. 2020 వసంతంలో ఊరంతా ఇంట్లో మాస్కులు కుట్టుకుంటుంటే, మా అమ్మాయి పట్టులంగా నడుముకు పావు అంగుళం ఎలాస్టిక్ మూడు వారాలు వెతికినా దొరకలేదు. చివరికి పాత బొందే గతి అయింది. ఆ తర్వాత ఐదేళ్లకు, ఇదే రాష్ట్రంలో 1943లో మొదలైన జోఆన్ అనే గుడ్డలు, కుట్టుసామాను దుకాణాలు దివాలా తీసి, 2025 మే నెలాఖరుకల్లా దేశమంతటా మూతపడ్డాయి. ఇక్కడ కుట్టుపని చేసుకునేవాళ్లలో చాలామందికి అదే పెద్ద దిక్కు. మా పెట్టెకు అసలు పరీక్ష అప్పుడు వచ్చింది.

ఆ ఏడాది జూన్‌లో న్యూజెర్సీలో మా మరిది రిసెప్షన్. మా ఆయన సూటు 2014లో మా పెళ్లికి హైదరాబాదులో కుట్టించింది. ముదురు నీలం. ఏప్రిల్ చివర్లో తొడిగి చూస్తే ప్యాంటు గుండీ పడలేదు.

"సూటు కుదించుకుపోయింది," అన్నారు.

"కుదించుకుపోయింది సూటు కాదండీ," అన్నాను.

ఊళ్లో కోట్లు, ప్యాంట్లు సరిచేసే ఒకాయన దగ్గరికి వెళితే, హైస్కూలు పిల్లలు ఏడాది చివర వెళ్లే ప్రామ్ అనే డాన్సు పార్టీ దుస్తులు నిలువెత్తు వేలాడుతున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఏ దర్జీకీ తల ఎత్తే తీరిక ఉండదు. జూన్ రెండో వారం అన్నాడు. రిసెప్షన్ మొదటి వారంలో.

ఇంటికొచ్చి ప్యాంటు లోపలివైపు తిప్పి చూశాను. కుట్టిన దర్జీ ఎవరో గానీ ఆయన చేతులకు దండం పెట్టాలి. వెనక నడుము దగ్గర మధ్య కుట్టుకు అటూ ఇటూ చెరో అంగుళంన్నర గుడ్డ వదిలాడు. అందులో చెరో ముప్పావు అంగుళం విప్పి వదులు చేస్తే మాకు చాలు. చిక్కల్లా దారంతోనే. పెట్టెలో నలుపు ఉంది, నెమలికంఠం రంగు ఉంది, ఈ నీలం మాత్రం లేదు. వెనక కుట్టు పైకి కనబడదు కాబట్టి నలుపుతో వేసేయవచ్చు. నడుముపట్టీ మీద పడే కుట్టు మాత్రం కనబడుతుంది. అప్పుడు ప్యాంటు కాళ్ల చివర చేత్తో వేసిన హెమ్మింగ్ గుర్తొచ్చింది. సూది మొనతో ఒక్కొక్క కుట్టే లేపి, తెగకుండా దారం లాగితే ఒక్కో కాలి నుంచి మూర మూర వచ్చింది. పదకొండేళ్లు మడతలో ఉండడంతో ఉంగరాలు తిరిగిపోయింది. ఇస్త్రీపెట్టె ఆవిరికి చూపిస్తే నిఠారుగా సాగింది. దాంతో నడుముపట్టీ కుట్టి, కాళ్ల చివర్లు నల్లదారంతో మళ్లీ హెమ్మింగ్ చేశాను. పాత కుట్టు చార మీద వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, పైన గుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోయింది. మిగిలినదాన్ని కోటు కప్పింది.

కోటు జోలికి మాత్రం నేను వెళ్లలేదు, వెళ్లను. భుజాలు విప్పితే మళ్లీ అలా కూర్చోబెట్టడం నా వల్ల కాదు. చేతి చివర గుండీలకు నిజమైన కాజాలు ఉంటే కింద నుంచి పొడవు తగ్గించే వీలూ ఉండదు.

ఇక పెట్టె సంగతి. నడిమి గిన్నెలో హుక్కులు. ఇత్తడివీ, మంచి స్టీలువీ ఆరేళ్లయినా చెక్కుచెదరలేదు. చవకగా వచ్చాయని తెచ్చిన ఒక అట్ట హుక్కులు మాత్రం రెండు వానాకాలాల తర్వాత గోరంటాకు రంగుకు తిరిగాయి, ఒక మీగడరంగు జాకెట్టుకు మరక చేశాయి. అప్పటి నుంచి పాత జాకెట్ల హుక్కులు కోసి దాచుకుంటున్నాను. పదేళ్లు ఉతుకులు తిన్నాక కూడా తుప్పు పట్టలేదంటే అంతకన్నా పరీక్ష ఏముంటుంది?

ఎలాస్టిక్ విషయంలో మోసపోయింది నేనే. 2020 భయంతో, దొరికినప్పుడు పది గజాలు కొన్నాను. 2023లో తీసి లాగితే సన్నగా చిటచిటమని, సాగింది సాగినట్టే ఉండిపోయింది. లోపలి రబ్బరు చచ్చిపోయింది. దారం నిలవ ఉంటుంది, గుండీలు ఉంటాయి, ఎలాస్టిక్ ఉండదు. ఏడాదికి సరిపడేదానికి మించి కొనకండి.

ఫాల్, లైనింగు గుడ్డలు పెట్టెలో పట్టవు, కింద సంచిలో ఉంటాయి. ఊరి నుంచి తెచ్చిన రోజే నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి మడత పెడతాను. మొదట్లో బద్ధకించి నేరుగా కుట్టిన ఒక ఫాల్ తొలి ఉతుకులోనే కుదించుకుపోయి, చీర అంచును ముడతలు ముడతలుగా పైకి లాగేసింది. ఫాల్ విప్పి మళ్లీ వేయడానికి ఒక ఆదివారం పోయింది.

దారాలకు ఈ పెట్టె పనికిరాదని కూడా చెప్పాలి. రీలు నిలబెడితే మూత పడదు. గిన్నెల్లో చిన్న అట్టముక్కలకు చుట్టి పెట్టుకోవలసిందే, ప్రతి అట్ట మీదా రంగు నంబరు రాసుకోవలసిందే. ఫోను తెరలో రంగు చూసి తెప్పించిన దారాల్లో సగం తప్పాయి, నంబరు చూసి తెప్పించినవి తప్పలేదు.

ఇప్పుడు పట్టు జాకెట్టు కుట్టించేటప్పుడల్లా అమ్మ ద్వారా మూడు మాటలు చెప్పిస్తున్నాను. పక్కల్లో అంగుళంన్నర వదిలి మూడు వరుసలు కుట్టమని, మిగిలిన ముక్క పారేయకుండా ఇమ్మని, వాడిన దారంలోంచి పది గజాలు చుట్టి ఇవ్వమని. పట్టు మీద సూది రంధ్రం మానదు. ఒక వరుస విప్పితే పాత గీత సన్నగా కనబడుతూనే ఉంటుంది, అదృష్టం కొద్దీ అది చంక కిందకు పోతుంది. అమ్మాయి లంగాకైతే జరీ అంచు పైన లోపలికి రెండు మడతలు వేయించాం. ఒకటి పోయిన దసరాకు విప్పాను, రెండోది ఈసారి విప్పాలేమో.

దేనికైనా ఆరు వారాల ముందు తొడిగి చూడడం మా ఇంటి నియమమైంది. ఆ రోజు వేసుకోబోయే బూట్లతోనే, లోపలి బట్టలతోనే. మా ఆయన చెప్పులతో నిలబడి "సరిపోయిందిలే" అంటే ఒప్పుకోను, ప్యాంటు పొడవు అక్కడే తేడా వస్తుంది.

పెట్టెకు ఐదుకు నాలుగు ఇస్తాను. రీళ్లు పట్టనందుకు ఒకటి కోత. అమ్మ వచ్చే నెల వస్తోంది. సికింద్రాబాదు జనరల్ బజారుకు జాబితా పంపాను: ఇత్తడి హుక్కులు నాలుగు అట్టలు, మీగడరంగు ఫాల్ రెండు, ముదురు నీలం దారం ఒక రీలు. నీలం ఏది అని అడిగితే, ప్యాంటు కాలి లోపల మిగిలిన గోరంత ముక్క కత్తిరించి, కవరులో పెట్టి, హైదరాబాదు వెళ్తున్న పక్కింటావిడకు ఇచ్చాను.