గుట్టలపై కాళ్లకు కసరత్తు: ఎనిమిది వారాల శిక్షణపై సమీక్ష

హైదరాబాదులోని మణికొండ, ఖాజాగూడ ప్రాంతంలో నడిచే ఒక గుట్టల వ్యాయామ శిక్షణలో జూన్ మొదట్లో చేరి, జూలై నెలాఖరుకు ఎనిమిది వారాలు పూర్తి చేశాను. వారానికి మూడు చొప్పున 24 తరగతులకు 4,500 రూపాయలు కట్టాను. ఈ సమీక్షలో మెచ్చుకోలుతో పాటు ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉన్నందువల్ల నిర్వాహకుల పేరు రాయడం లేదు. నగరంలో ఇలాంటి బ్యాచ్‌లు చాలానే నడుస్తున్నాయి కనుక, డబ్బు కట్టే ముందు ఏం అడగాలో తేల్చుకోవడానికి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

నా వయసు 48. బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయితో కలిసి భువనగిరి కోట ఎక్కాను. ఆ ఏకశిలను ఆయాసపడుతూనైనా ఎక్కగలిగాను గానీ, దిగేటప్పుడు సగం దారిలో తొడలు వణకడం మొదలై, కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగవలసి వచ్చింది. ఫిజియోథెరపిస్టు పరీక్షించి, కీళ్లలో అరుగుదల లేదని, తొడ ముందుభాగపు కండరాలు బలహీనపడ్డాయని, వాటికి పని పెట్టమని చెప్పారు. అప్పటికే రోజూ పార్కులో నడుస్తున్నాను. చదునైన నేల మీద ఎంత నడిచినా ఆ కండరాలకు చాలినంత పని పడదని నాకు అప్పుడే అర్థమైంది.

మంగళ, గురువారాల్లో ఉదయం 5:45కు జూబ్లీహిల్స్ లోపలి వీధుల్లో, వాహనాలు పెద్దగా తిరగని ఒక ఎత్తు రోడ్డు మీద తరగతి జరిగేది. హైదరాబాదు సముద్రమట్టానికి సగటున 542 మీటర్ల ఎత్తులో ఉంటే, బంజారాహిల్స్‌లో నేల 672 మీటర్ల దాకా లేస్తుంది. ఈ కసరత్తు కోసం ఊరు దాటి పోనక్కర్లేదని నిర్వాహకులు చెప్పిన మాట నిజమే. మేము వాడిన రోడ్డు వాలు ఆరు శాతం, అంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే ఆరు మీటర్లు పైకి చేరతాం. మొదటి వారంలో 45 సెకన్లు చురుగ్గా ఎక్కి, నెమ్మదిగా నడిచి దిగాలి. అలా ఆరు సార్లు. ఎనిమిదో వారానికి అది పది సార్లయింది. వేగానికి గడియారాలేవీ పెట్టలేదు. ఎక్కుతున్నప్పుడు రెండు మూడు మాటలకు మించి పలకలేనంత ఆయాసం ఉంటే సరిపోతుందన్నారు. చదునులో పరుగెత్తి ఆ ఆయాసం తెచ్చుకోవాలంటే మడమలకు, మోకాళ్లకు దెబ్బ మీద దెబ్బ తగులుతుంది. ఎత్తులో పాదం నేలను తాకే చోటే కాస్త పైన ఉంటుంది కాబట్టి ఆ అదురు తగ్గుతుంది, పిక్కలకూ పిరుదులకూ పని పెరుగుతుంది.

ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. ఈ శిక్షణకు కట్టిన డబ్బు విలువ నాకు తెలిసింది మాత్రం రెండో వారంలో, దిగడం నేర్పిన రోజున. శిక్షకురాలు నన్ను ఒక ఇంటి ముందున్న మెట్టు మీద నిలబెట్టి, ఎడమ కాలి మీదే బరువు ఉంచి, కుడి మడమను నాలుగు లెక్కపెట్టేలోగా నేలకు ఆనించమన్నారు. తాను ఎదురుగా గొంతుకూర్చుని నా మోకాలికి బెత్తెడు దూరంలో అరచేయి అడ్డంగా పెట్టి చూశారు. మూడు అనేసరికే నా మోకాలు లోపలి వైపు వాలి ఆమె వేళ్లను తాకింది. “సార్, మోకాలు బొటనవేలి వైపు పడిపోతోంది. రెండో వేలి మీదుగా రానివ్వండి. కాలు కాదు, నడుము పక్క కండరం బిగించండి,” అన్నారు. ఆ ఒక్క మెట్టు మీద పది నిమిషాలు చెమటలు పట్టాయి. భువనగిరిలో నా తొడలు ఎందుకు వణికాయో నాకు అక్కడ తెలిసింది.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, అంటే బ్రేకులా పనిచేయాలి. ఆయాసం రాదు కాబట్టి దిగడం తేలికని మనం భ్రమపడతాం గానీ, అలవాటు లేని కండరానికి ఎక్కువ నొప్పి పుట్టించేది దిగడమే. ఆ నొప్పి వెంటనే రాదు; మర్నాడు మొదలై రెండో రోజుకు ముదిరి, తర్వాత తగ్గుతుంది. అదే పనిని కొద్ది రోజుల తర్వాత మళ్లీ చేస్తే కండరం తట్టుకుంటుంది, రెండోసారి నొప్పి చాలా తక్కువగా ఉంటుంది. అందువల్ల మొదటి వారాల్లో దిగుడు కొంచెమే ఉండాలి, నిదానంగా ఉండాలి.

మరి ఇది తెలిసినవారే మొదటి ఆదివారం కొత్తవాళ్లనూ పాతవాళ్లనూ కలిపి ఖాజాగూడ గుట్టల మీదికి తీసుకువెళ్లి, పాతవాళ్ల వేగంతోనే దింపించారు. ఆ మరుసటి రెండు రోజులు నేను ఆఫీసు మెట్లు పక్కకు తిరిగి దిగాను. ఇది చిన్న లోపమే, అడిగాక సరిదిద్దారు. పెద్ద లోపం ఐదో ఆదివారం జరిగింది. ఖాజాగూడ రాయి గ్రానైటు. దాని మీద సన్నని మొరం పరుచుకుని ఉంటుంది, ఎండలోనే బూటు కింద గోళీల్లా దొర్లుతుంది. శుక్ర, శనివారాల్లో బాగా వాన పడింది. శిక్షకురాలు ఊళ్లో లేరు. సహాయకుడొక్కడే 22 మందిని తడి బండ మీదికి ఎక్కించాడు. దిగేటప్పుడు నా ముందున్న ఒకావిడ జారి, ఆనుకోబోయి అరచేయి గీరుకుపోయింది. గాయం కడగడానికి అతని దగ్గర నీళ్ల సీసా తప్ప దూది కూడా లేదు. ఆ తర్వాత భయపడి రెండు తరగతులు మానేసినవాళ్లు వాటి డబ్బు తిరిగి ఇవ్వమంటే నిబంధనల్లో లేదన్నారు. నిబంధన మాట ఎలా ఉన్నా, ఇరవై రెండు మందికి ఒక్కరు చాలరని, వాన పడిన మర్నాడు బండ ఎక్కకూడదని చెప్పడానికి నిబంధనలు అక్కర్లేదు.

ఆరో వారంలో మౌలాలి గుట్ట మెట్లకు వెళ్లాం. అది దర్గా ఉన్న చోటు. ప్రార్థనకు వచ్చేవారికి దారి వదిలి, గోడ పక్కగా, మాటలు లేకుండా ఎక్కాలని ముందే చెప్పడం నాకు నచ్చింది. గుట్ట దిగువన నిజాంల కాలపు ఉర్దూ కవయిత్రి మహ్ లకా బాయి 1792లో కట్టించిన సమాధి తోట ఉంది. తరగతి అయ్యాక ఆ తోట చూడకుండా తిరిగి రావద్దని నా మనవి. కసరత్తు మాటకొస్తే, మెట్టు ఎత్తు ఎవరికైనా ఒకటే కాబట్టి, పొట్టిగా ఉన్నవారి మోకాలు ఎక్కువ వంగవలసి వస్తుంది. ఏటవాలులో అయితే అడుగు చిన్నదిగా వేసుకునే వీలుంటుంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు మెట్లకంటే ముందు రోడ్డు ఎత్తుతోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఒక చిన్న పాఠం ఇక్కడ చెప్పాలి. దిగేటప్పుడు పాదం బూటులో ముందుకు జరిగి, బొటనవేలు కొనకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది. లేసును చీలమండ దగ్గర ఒక ముడి అదనంగా వేసి బిగించి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచమన్నారు. కొత్త బూట్లు కొనకుండానే నా ఇబ్బంది అక్కడితో పోయింది.

ప్రకటనలో బరువు తగ్గుతారని పెద్ద అక్షరాల్లో రాశారు. అది నన్ను నొప్పించింది. గోల్కొండ కోట గుట్ట సుమారు 120 మీటర్ల ఎత్తు. 70 కిలోల మనిషి తన ఒంటిని అంత ఎత్తుకు మోయడానికి ఖర్చయ్యేది, కండరాల వృథా కూడా కలిపి, దాదాపు 80 కేలరీలు. పైకి చేరి ఒకటి రెండు ఇడ్లీలు తింటే అది తీరిపోతుంది. ఎనిమిది వారాల్లో నా బరువు కిలో తగ్గింది, అంతే. అయితే 30 సెకన్లలో చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలనో మొదటి రోజు లెక్కపెడితే 11, చివరి రోజు 16. ఆఫీసు మూడో అంతస్తు నుంచి కమ్మీ తాకకుండా, నేరుగా చూస్తూ దిగుతున్నాను. కాళ్లకు బలం వస్తుందని రాసి ఉంటే ఆ ప్రకటన పూర్తిగా నిజమయ్యేది.

ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరా ఆ ఐదో ఆదివారానివే. శిక్షకురాలి పనితనానికైతే ఐదుకు ఐదు. వానలు తగ్గాక అక్టోబరు బ్యాచ్‌లో మా ఆవిడతో కలిసి చేరాలని ఉంది. ఆదివారాల్లో ఎంతమందికి ఒక శిక్షకులు ఉంటారో, బండ తడిగా ఉంటే తరగతి ఎక్కడికి మారుస్తారో, ప్రథమ చికిత్స పెట్టె ఎవరి చేతిలో ఉంటుందో రాతపూర్వకంగా చెప్పమని నిర్వాహకులకు వాట్సాప్‌లో పంపాను. జవాబు వచ్చాకే ఈసారి డబ్బు కడతాను. అప్పటిదాకా మంగళ, గురువారాల్లో అదే రోడ్డు మీద, అదే పది సార్లు, ఒక్కడినే ఎక్కి దిగుతున్నాను.