బి మైనర్ పాట ఎదురైతే: స్కేల్ మార్చాలా, కాపో వేయాలా, బారె పట్టాలా?

యుకులేలే (చిన్న గిటార్ లాంటి నాలుగు తీగల వాద్యం) మీద ఎ మైనర్, డి మైనర్ కార్డ్స్, అంటే ఒకేసారి పలికించే స్వరాల గుంపులు, చేతికి అలవాటయ్యాక ఇక ఏ పాటైనా వాయించేయొచ్చు అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే, ఎన్నాళ్లుగానో వాయించాలనుకున్న పాట బి మైనర్‌లో ఉందని తెలుస్తుంది. అందులో బి మైనర్, ఇ మైనర్, ఎఫ్ షార్ప్ 7 కార్డ్స్ ఉంటాయి. మొదటిదానికి చూపుడు వేలు అడ్డంగా పరచాలి, చివరిదానికి నాలుగు వేళ్లూ కావాలి. చూడగానే టెన్షన్ మొదలవుతుంది.

అప్పుడు మూడు దారులున్నాయి. పాటను తెలిసిన స్కేల్‌కి మార్చుకోవచ్చు, కాపో (మెడ మీద తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) వేసుకోవచ్చు, ఉన్న స్కేల్లోనే బారె కార్డ్స్ (ఒకే వేలిని అడ్డంగా పరచి పట్టేవి) నేర్చుకోవచ్చు. మూడూ చేసి చూశాను. బి మైనర్ విషయంలో నా ఓటు మూడోదానికే, కాకపోతే కాపో సాయంతో అక్కడికి చేరడం తేలిక. ఇక్కడ రాసిన ఫ్రెట్ (మెడ మీది అడ్డ కడ్డీల మధ్య గడి) నంబర్లన్నీ మామూలు జి, సి, ఇ, ఎ ట్యూనింగ్‌వి, అదే వరసలో: ఒక్కో అంకె ఒక్కో తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో చెబుతుంది, 0 అంటే నొక్కకుండా వదిలేయాలి.

ముందు స్కేల్ మార్చడం గురించి. బి మైనర్ నుంచి ఎ మైనర్‌కి రావాలంటే ప్రతి కార్డ్‌నీ రెండు ఫ్రెట్ల దూరం కిందికి దించాలి. బి మైనర్ ఎ మైనర్ అవుతుంది, ఇ మైనర్ డి మైనర్ అవుతుంది, ఎఫ్ షార్ప్ 7 ఇ7 అవుతుంది. పాటలో జి, డి ఉంటే అవి ఎఫ్, సి అవుతాయి. కాగితం మీద రెండు నిమిషాల పని. వేళ్లకు హాయి.

గొంతుకే చిక్కు. మా ఇంట్లో అక్క పాడితే నేను వాయిస్తాను. ఒక పాటను ఇలాగే నా వేళ్ల కోసం ఎ మైనర్‌కి దించాను. పల్లవి బాగానే వచ్చింది. చరణం మొదట్లోనే అక్క ఆగిపోయింది. "ఒరేయ్, ఆ కింది స్వరం అందట్లేదురా, ఉత్త గాలే వస్తోంది" అంది. అసలు స్కేల్లోనే ఆ స్వరం తన గొంతుకి అంచున ఉంది, నేను ఇంకో రెండు మెట్లు దించేశాను. అప్పటినుంచి స్కేల్ మార్చాలా వద్దా అన్నది నేను వేళ్లను అడగను, పాడేవాళ్లను అడుగుతాను. పై స్వరాల దగ్గర గొంతు పట్టేస్తుంటే మాత్రం వెంటనే దించేయాలి, అందులో ఆలోచించడానికేమీ లేదు. ఒరిజినల్ రికార్డింగ్ పెట్టుకుని దాంతోపాటు వాయించాలనుకునేవాళ్లకు ఈ దారి పనికిరాదు.

స్కేల్ మార్చేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎ మైనర్‌లో ఇ7 వేయాల్సిన చోట చాలామంది ఇ మైనర్ వేస్తారు, మైనర్ పాట కాబట్టి కార్డ్స్ అన్నీ మైనరే అయ్యుంటాయని. కొన్ని పాటల్లో నిజంగానే ఇ మైనర్ ఉంటుంది. కానీ ఇ7 ఉన్న చోట దాన్ని వేస్తే పాటలో బిగి పోతుంది. ఎందుకో చేత్తోనే చూడొచ్చు. ఇ7 అంటే 1202, ఎ మైనర్ అంటే 2000. జి తీగ ఒక్కదాన్నే గమనించండి: ఇ7లో అది 1వ ఫ్రెట్ దగ్గర ఉంటుంది, ఎ మైనర్‌లో 2వ ఫ్రెట్‌కి వెళ్తుంది. ఆ ఒక్క అడుగే పాటను ఇంటికి లాక్కొస్తుంది. ఇ మైనర్‌లో (0432) జి తీగను అసలు నొక్కరు, కాబట్టి ఆ లాగుడు తగ్గిపోతుంది. రెండు రకాలుగానూ వాయించి వినండి, తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

ఇక కాపో. 2వ ఫ్రెట్ మీద బిగించి ఎ మైనర్, డి మైనర్, ఇ7 పట్టుకుంటే బి మైనర్, ఇ మైనర్, ఎఫ్ షార్ప్ 7 పలుకుతాయి. స్కేల్ మారదు, గొంతుకి ఇబ్బంది లేదు, వేళ్లు తెలిసిన చోటే తిరుగుతాయి. ఒకే ఒక్క పాట కోసం, అదీ రెండు రోజుల్లో వాయించాల్సి ఉంటే, వేరే మాట లేదు, కాపో వేసేయండి. కానీ సొప్రానో యుకులేలే తీగల పొడవు సుమారు 13 అంగుళాలే. 2వ ఫ్రెట్ వరకూ పర్వాలేదు. 4వ ఫ్రెట్ దాటితే వేళ్లకు చోటు చాలదు, శబ్దం కూడా పలచబడుతుంది. కాపో మరీ గట్టిగా నొక్కితే తీగలు సాగి శ్రుతి పైకి పోతుంది, అందుకే బిగించాక ఒకసారి ట్యూనర్ పెట్టి చూడాలి. గిటార్ కాపో కంటే యుకులేలే కోసమే చేసిన చిన్నది మేలు, పెద్దది ఆ సన్నటి మెడ మీద బరువుగా ఉండి ఎడమ చేతికి అడ్డొస్తుంది.

బారె కార్డ్స్‌కి భయపడక్కర్లేదని నాకు కాపోతోనే అర్థమైంది. ఎ మైనర్ 2000 కదా, ప్రతి అంకెకూ రెండు కలపండి: 4222. అదే బి మైనర్. డి మైనర్ 2210కి కలిపితే 4432, అది ఇ మైనర్. ఇ7 1202కి కలిపితే 3424, అది ఎఫ్ షార్ప్ 7. అంటే ఇవి కొత్త కార్డ్స్ కావు. కాపో చేసే పని ఇప్పుడు మీ చూపుడు వేలు చేస్తోంది, అంతే.

బి మైనర్‌కి చూపుడు వేలు నిజంగా నొక్కాల్సింది మూడు తీగలనే. జి తీగను 4వ ఫ్రెట్ దగ్గర ఉంగరపు వేలు పట్టుకుంటుంది. వేలి మెత్తటి భాగంతో కాకుండా కొంచెం పక్కకు తిప్పి, 2వ ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేంత దగ్గరగా పెడితే సగం బలంతోనే స్వరం శుభ్రంగా వస్తుంది. తర్వాత ఎఫ్ షార్ప్ 7కి వెళ్లేటప్పుడు చూపుడు వేలు తీయకండి. అది 2వ ఫ్రెట్ మీదే ఉంటుంది, ఇ తీగ దానికే దక్కుతుంది. మధ్య వేలు జి తీగ 3కి, ఉంగరపు వేలు సి తీగ 4కి, చిటికెన వేలు ఎ తీగ 4కి. మొదటి వారం చిటికెన వేలు మొరాయిస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు ఈ రెండు కార్డ్స్ మధ్యే తిరిగితే లొంగుతుంది. అప్పటిదాకా పాట మధ్యలో 4222కి బదులు 2222 వేసుకోవచ్చు, అది బి మైనర్ 7. పాట చివరి లైన్‌లో మాత్రం వద్దు, పాట ముగిసినట్టు అనిపించదు.

మిగతా మైనర్ స్కేళ్లకు ఇంత ఆలోచన అక్కర్లేదు. జి మైనర్ పాట కార్డ్స్ (జి మైనర్ 0231, సి మైనర్ 0333, డి7 2223) ఉన్నదున్నట్టు నేర్చుకోండి, కాపో దండగ. సి మైనర్ పాటలో మూడే కార్డ్స్ ఉంటే సి మైనర్ 0333, ఎఫ్ మైనర్ 1013, జి7 0212 సరిపోతాయి. ఎ ఫ్లాట్, ఇ ఫ్లాట్ కూడా వస్తే 3వ ఫ్రెట్ మీద కాపో వేసి ఎ మైనర్ పట్టులు వాడుకోండి. ఎఫ్ మైనర్‌కి కూడా కాపో 3వ ఫ్రెట్ మీదే, కానీ డి మైనర్, జి మైనర్, ఎ7 పట్టులతో. సి షార్ప్ మైనర్ వస్తే నేనైతే పాడేవాళ్లను అడిగి ఒక మెట్టు అటో ఇటో జరుపుతాను. డి మైనర్ ఒక్క ఫ్రెట్ దూరమే కాబట్టి చాలాసార్లు గొంతు ఒప్పుకుంటుంది.