వేప్‌తో గొంతు పోతోందా? బ్రిటన్ షాపుల్లో దొరికే ద్రవాలు, పాడ్‌లు, గొంతు మందుల మీద సమీక్ష

వేప్ (ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్) మొదలుపెట్టాక గొంతు రాసుకుపోతోందని చెబితే బ్రిటన్‌లో తరచూ వినిపించే సలహా ఒకటుంది: "ఐస్ ఫ్లేవర్‌కి మారండి, స్మూత్‌గా ఉంటుంది." గొంతుతో బతికేవాళ్లకు ఇంతకంటే చెడ్డ సలహా లేదు. పీల్చేటప్పుడు హాయిగా ఉన్న వేప్ గొంతుకు మేలు చేస్తున్నట్టు కాదు. చాలాసార్లు ఆ హాయే గొంతును ముంచుతుంది. షాపులో సరుకు ఎంచుకునేటప్పుడైనా, మందుల షాపులో బిళ్లలు కొనేటప్పుడైనా ఈ ఒక్క తేడా పట్టుకుని చూడాలి. ఈ సమీక్షలో చేసిందీ అదే.

ఇది సిగరెట్ మానడానికి వేప్ పట్టుకుని, ఇప్పుడు గొంతు బొంగురుపోతున్నవాళ్ల కోసం రాసింది. సిగరెట్ అలవాటే లేనివాళ్లకు ఇందులో ఏ వేప్‌నూ సిఫారసు చేయడం లేదు.

ముందు ఇబ్బంది ఎక్కడుందో తేల్చుకోవాలి. మింగేటప్పుడు మంట, గరగర, నోరు పిడచకట్టడం ఉండి గొంతు మామూలుగానే పలుకుతుంటే అది నోటి వెనక భాగంలో రాపిడి. సిగరెట్ నుంచి వేప్‌కి మారినవాళ్లలో ఇది చాలా మామూలు, రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. మాట బొంగురుగా రావడం, సాయంత్రానికి గొంతు పట్టేయడం, పై స్థాయికి వెళ్లేసరికి గాలి మాత్రమే రావడం అంటే ఇబ్బంది స్వరపేటికలో ఉంది. తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష చేయవచ్చు. పొద్దున లేచి కాసేపు మాట్లాడాక, పసిబిడ్డ నిద్ర చెడకూడదన్నంత మెల్లగా, పై షడ్జమం దగ్గర 'ఊ' అని పలకండి. గట్టిగా అంటే ఎవరికైనా వస్తుంది, మెల్లగా అనాలి. మొదట గాలి వెళ్లి ఆ తర్వాత స్వరం అందుకుంటున్నా, మధ్యలో తెగిపోతున్నా స్వరతంతువులు ఉబ్బి ఉండవచ్చు. రోజూ ఒకే శ్రుతిలో చేస్తే మార్పు మీకే తెలుస్తుంది.

మామూలు మాటలో ఈ తంతువులు మగవాళ్లకు సెకనుకు నూరుసార్లకు పైగా, ఆడవాళ్లకు సుమారు రెండు వందల సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ రాపిడిని కాచేది వాటి మీదున్న పలచని తడి పొర. వేప్ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్ (పీజీ), వెజిటబుల్ గ్లిజరిన్ (వీజీ). రెండూ తేమను లాక్కునేవే. పీజీ పలచన, గొంతులో గుచ్చుతుంది. వీజీ చిక్కన, మెత్తగా దిగుతుంది కానీ పొగ దట్టంగా వస్తుంది. వీటికి నికోటిన్ ఘాటు, ఫ్లేవర్ రసాయనాలు, కాయిల్ (ద్రవాన్ని కాచే తీగ చుట్ట) వేడి తోడవుతాయి. ఏ ఒక్కదాన్ని మార్చినా మిగిలినవి కదులుతాయి. గుడ్డిగా సీసాలు మార్చేవాళ్లకు ఫలితం కనపడకపోవడానికి కారణం ఇదే.

ఇక సరుకు సంగతి. యూకే నిబంధనల ప్రకారం నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, నికోటిన్ ఉన్న ద్రవం సీసా 10 మి.లీ., ట్యాంక్ 2 మి.లీ. మించకూడదు. వాడి పారేసే వేప్‌ల అమ్మకం 2025 జూన్ 1 నుంచి నిషేధం. 

20 మి.గ్రా. నికోటిన్ సాల్ట్, ఐస్ ఫ్లేవర్లు: గొంతు మీద ఆధారపడేవాళ్లకు వీటిని వద్దనే చెబుతాం. మామూలు నికోటిన్‌కు క్షారగుణం ఉంటుంది, ఎక్కువ మోతాదులో గొంతు పట్టేస్తుంది. సాల్ట్‌లో బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి ఆ ఘాటు తగ్గిస్తారు. దాని మీద మెంథాల్ గానీ, డబ్ల్యూఎస్-23 అనే చల్లదనం రసాయనం గానీ వేస్తారు. ఇవి చల్లదనాన్ని పసిగట్టే నరాలను రేపుతాయే తప్ప గొంతును నిజంగా చల్లబరచవు. ఫలితంగా దగ్గు రాదు, మంట తెలియదు, పఫ్ మీద పఫ్ పడుతుంది. తడి పొర ఆరిపోతున్నా శరీరం ఆపమని చెప్పే దారి మూసుకుపోతుంది. రోజంతా ఏ ఇబ్బందీ లేక సాయంత్రం ఫోన్ ఎత్తగానే గొంతు రాలేదంటే ముందుగా అనుమానించాల్సింది ఈ రకాన్నే. సీసా మీద ఐస్, ఫ్రీజ్, కూల్, మింట్ అని ఉంటే పక్కన పెట్టండి. దాల్చినచెక్క ఫ్లేవర్లు కూడా వద్దు. వాటిలోని సినమాల్డిహైడ్ పొరలను గట్టిగా రేపుతుంది.

12 నుంచి 18 మి.గ్రా. మామూలు నికోటిన్, సగం పీజీ సగం వీజీ: గొంతులో పట్టు బాగా తెలుస్తుంది. కఠినంగా ఉంటుంది కానీ నిజాయతీ ఉన్న సరుకు, ఎక్కువైతే గొంతే చెబుతుంది. 12 దాటితే చాలామందికి దగ్గు తప్పదు. సీసా పాతబడితే నికోటిన్ గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి, మిరియం కొరికినట్టు ఘాటెక్కుతుంది. 2026 అక్టోబరు 1 నుంచి 10 మి.లీ.కి 2.20 పౌండ్ల పన్ను అని ప్రకటించారు. దానికి భయపడి డజన్లకొద్దీ కొని దాచుకోకండి. ఉన్నవాటిని చీకట్లో, చల్లగా ఉంచండి.

షార్ట్‌ఫిల్ (నికోటిన్ కలుపుకోవడానికి కాస్త ఖాళీ వదిలిన పెద్ద సీసా), సబ్-ఓమ్ ట్యాంకులు (ఒక ఓమ్ కంటే తక్కువ విద్యుత్ నిరోధం ఉన్న కాయిల్‌తో పనిచేసేవి): 60 మి.లీ. సీసాలో 50 మి.లీ. నికోటిన్ లేని ద్రవం వస్తుంది. 18 మి.గ్రా. నికోటిన్ షాట్ (విడిగా అమ్మే చిన్న నికోటిన్ సీసా) 10 మి.లీ. కలిపితే మొత్తం మిల్లీలీటరుకు 3 మి.గ్రా. అవుతుంది. అంకె చిన్నది కదా అని గొంతుకు మంచిదనుకుంటారు. 0.15, 0.2 ఓమ్ కాయిల్ మీద 50, 60 వాట్లతో నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగే పద్ధతి ఇది. లోపలికెళ్లే వేడి పొగ పరిమాణం చిన్న పాడ్‌తో (ద్రవం, కాయిల్ రెండూ ఇమిడి ఉండే చిన్న డబ్బీ) పోలిస్తే ఎన్నో రెట్లు. తంతువుల మీదుగా వెళ్లే ఆవిరి ఎంతన్నదే లెక్క, నికోటిన్ అంకె ఒక్కటే కాదు. పాడేవాళ్లకు, పాఠాలు చెప్పేవాళ్లకు ఇది సరిపడదు.

ఇదే కారణంతో గొంతు నొచ్చిందని 20 నుంచి ఒక్కసారిగా 3కి దిగడం కూడా పొరపాటు. శరీరం తనకు అలవాటైన నికోటిన్ దొరికేదాకా పీలుస్తూనే ఉంటుంది. పఫ్‌లు పెరుగుతాయి, పొడుగవుతాయి. 20 నుంచి 10కి, అక్కడ కుదురుకున్నాక 5కి దిగడం మేలు. ప్రతి మెట్టులోనూ రోజుకు ఎన్ని మి.లీ. ఖర్చవుతోందో రాసుకోండి. ఆ అంకె రెట్టింపైతే మళ్లీ పై మెట్టుకెళ్లండి.

ద్రవం నింపుకునే చిన్న పాడ్ కిట్లు, అంటే ఎక్స్‌రోస్, కాలిబర్న్ లాంటివి: ఉన్నవాటిలో గొంతుకు తక్కువ చేటు చేసేలా అమర్చుకోగలిగేవి ఇవే. పొగను ముందు నోట్లోకి, ఆ తర్వాత లోపలికి తీసుకునే పద్ధతికి 1.0 లేదా 1.2 ఓమ్ పాడ్ తీసుకోండి. దానికి సగం-సగం ద్రవమే సరి. వీజీ మెత్తగా ఉంటుందని 70 శాతం వీజీ పోస్తే ఆ సన్నని దారుల్లో కాయిల్‌కు ద్రవం అందించే దూది తడవదు. ఎండిన దూది మాడి, కాగితం కాలిన వాసనతో గొంతు చీరుకుపోతుంది. ఆ మాడుపొగలో ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ ఉంటాయి. ఒక్క పఫ్ చాలు, ఆ రోజంతా గొంతు గరగరలాడడానికి. 70 వీజీ కావాలంటే 0.6 ఓమ్ పాడ్ వాడాలి. చలికాలంలో బయట తిరిగొచ్చినప్పుడు వీజీ గడ్డకట్టినట్టు చిక్కబడుతుంది. పాడ్‌ను జేబులో కాస్త వెచ్చబడనిచ్చాకే పీల్చండి.

కొత్త పాడ్ నింపాక 10 నిమిషాలు కదపకుండా నిలబెట్టి ఉంచండి. ఆ తర్వాత మొదటి నాలుగైదు పఫ్‌లు చిన్నగా, మధ్యలో అరనిమిషం ఆగుతూ తీసుకోండి. ద్రవం పావు వంతుకు దిగకముందే నింపాలి. తీపి ఎక్కువున్న డెజర్ట్ ఫ్లేవర్లలోని సుక్రలోజ్ అనే తీపి పదార్థం కాయిల్ మీద నల్లటి పెచ్చు కడుతుంది. తీపి తక్కువ ద్రవంతో ఒకటి రెండు వారాలు వచ్చే పాడ్, వీటితో కొద్ది రోజులకే మాడువాసన కొడుతుంది. వాసన మారిందంటే పారేయడమే, కడిగి వాడుకునే వస్తువు కాదు. గాలి రంధ్రం పూర్తిగా మూసి బలంగా లాగకండి. సగం తెరిచి, రెండు మూడు సెకన్ల పఫ్‌తో ఆపండి. అన్నీ సరిచేసినా మంట పోకపోతే పీజీ పడడం లేదేమో చూడాలి. రెండు వారాలు తగిన పాడ్‌లో 70, 80 వీజీ వాడితే తేలిపోతుంది.

మందుల షాపు సరుకు గురించి ఒక్క సంగతి తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. నోట్లో చప్పరించేది, మింగేది, పుక్కిలించేది ఏదీ స్వరతంతువులను తాకదు. మింగేటప్పుడు స్వరపేటిక మూసుకుంటుంది, తాకితే పొలమారుతుంది. కాబట్టి స్ట్రెప్సిల్స్ అయినా, మన ఇళ్లలో బుగ్గన పెట్టుకునే కరక్కాయ అయినా, ఉప్పునీళ్లయినా నోటి వెనక మంటకు పనికొస్తాయి, బొంగురుకు కాదు. లాలాజలం ఊరించి మింగిస్తాయి, ఆ మేరకు గొంతు సవరించుకోవాలన్న తహతహ తగ్గుతుంది. అది చిన్న లాభమేమీ కాదు, ఎందుకంటే ఖంగుమని సవరించిన ప్రతిసారీ తంతువులు గట్టిగా కొట్టుకుంటాయి. అయితే మెంథాల్ లేనివి చూసుకోండి. బెంజోకైన్ లాంటి తిమ్మిరి మందున్న బిళ్ల వేసుకుని గంట ప్రెజెంటేషన్ ఇవ్వడం మరీ ప్రమాదం, నొప్పి తెలియక గొంతును ఇంకా చించుకుంటారు. అతిమధురం పుల్ల రోజూ నమిలేవాళ్లు రక్తపోటు చూసుకోవాలి, అది పెంచుతుంది.

తంతువుల దాకా చేరేది ఊపిరితో పోయేదే. కప్పులాంటి స్టీమ్ ఇన్‌హేలర్‌లో కాచి కాస్త ఆరనిచ్చిన నీళ్లు పోసి, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు పీల్చండి. మామూలు నీళ్లు చాలు, విక్స్, నీలగిరి తైలం వేయకండి. గిన్నె మీద దుప్పటి కప్పుకునే పాత పద్ధతిలో వేడినీళ్లు ఒళ్లో పడి కాలిన వాళ్లున్నారు, అందుకే మూత ఉన్న కప్పు. ఇంతకంటే మంచి కొనుగోలు చేతిలో ఇమిడే మెష్ నెబ్యులైజర్ (ద్రవాన్ని పీల్చడానికి సన్నని తుంపరగా మార్చే పరికరం), 0.9 శాతం సెలైన్ (ఉప్పునీటి ద్రావణం) చిన్న ట్యూబులు. గొంతు ఎక్కువగా వాడే పనికి ముందు ఒక ట్యూబు చాలు. కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి ఇంట్లో తయారుచేయొద్దు. 3, 7 శాతం సెలైన్ కొనొద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి పట్టేయగలదు. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

పొద్దున పూట బొంగురు ఎక్కువ, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టుండడం, నోట్లో పులుపు ఉంటే పొట్టలోది పైకి తన్నుతోందని అనుమానించాలి. నికోటిన్ అన్నవాహిక కింది కవాటాన్ని వదులు చేస్తుంది, రాత్రి పదికి తిన్న బిర్యానీ మిగతా పని చేస్తుంది. దీనికి గావిస్కాన్ అడ్వాన్స్ బాగుంటుంది. 10 మి.లీ.లో 1000 మి.గ్రా. సోడియం ఆల్జినేట్ ఉంటుంది, మామూలు గావిస్కాన్‌కు రెట్టింపు. భోజనం తర్వాత, పడుకోబోయే ముందు 5 నుంచి 10 మి.లీ. తీసుకుని, ఆ పైన నీళ్లు తాగకుండా పడుకోవాలి. సోడియం, పొటాషియం ఉన్నాయి కాబట్టి బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఫార్మసిస్టును అడగాలి. అమెరికాలో అదే పేరుతో దొరికే సీసాలో మందు వేరు, అక్కడి బంధువులతో తెప్పించుకుని లాభం లేదు.

గొంతు పూర్తిగా పోయిన వారం మాత్రం ఏ పాడ్ మార్చినా ఉపయోగం లేదు. ఆ వారానికి నికోటిన్ ప్యాచ్ వేసుకోండి, గొంతుకు తగలకుండా నికోటిన్ అందించేది అదొక్కటే. నికోటిన్ గమ్ కూడా పనిచేస్తుంది కానీ బబుల్‌గమ్‌లా నమిలితే రసం గొంతులోకి దిగి మంట, ఎక్కిళ్లు వస్తాయి. ఘాటు తెలిసేదాకా నమిలి, బుగ్గన పెట్టి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) స్టాప్ స్మోకింగ్ సర్వీస్ ఉచితం, వేప్ మానడానికి సాయం చేస్తారా అని మీ ప్రాంతంలో అడగండి. ఆ రోజుల్లో గుసగుసగా మాట్లాడకండి, చాలామందిలో అది గొంతును ఇంకా బిగిస్తుంది. మెల్లగా, మామూలు గొంతుతో, తక్కువ మాట్లాడండి.

ఇండియాకు వెళ్లేటప్పుడు వేప్ సామగ్రి పెట్టెలో పెట్టుకోకండి. 2019 చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం అన్నిటినీ నిషేధించింది, మొదటిసారికే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో దొంగచాటుగా దొరికే డబ్బాలో ఏముందో, ఎన్ని మిల్లీగ్రాములో చూసే నాథుడు లేడు. అక్కడ మందుల షాపులో 2 మి.గ్రా. నికోటిన్ గమ్ దొరుకుతుంది, సెలవులకు అది చాలు.

బొంగురు మూడు వారాలు దాటితే సమీక్షలు చదవడం ఆపి జీపీ (మీ ప్రాంత కుటుంబ వైద్యుడు) దగ్గరకు వెళ్లండి. గతంలో సిగరెట్ తాగినవాళ్లు, 45 దాటినవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. మింగలేకపోవడం, ఒకవైపే చెవినొప్పి, మెడలో గడ్డ, ఉమ్మిలో రక్తం ఉంటే మూడు వారాలు కూడా ఆగకండి. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. జీపీకి చూపించడానికి ఒక కాగితం మీద రాసుకెళ్లండి: బొంగురు మొదలైన తేదీ, ద్రవం మిల్లీగ్రాములు, పీజీ-వీజీ పాళ్లు, రోజుకు ఎన్ని మి.లీ., అంతకుముందు ఎన్నేళ్లు ఎన్ని సిగరెట్లు. పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో ఈ కాగితం ఉంటే గొంతు లోపలికి కెమెరా వేసి చూడాలా అన్న నిర్ణయం త్వరగా అవుతుంది.