తెలుగు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి క్యూటీ: ఏళ్ల తరబడి వాడాక

ఎరువులు, విత్తనాలు అమ్మే షాపులకి స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. పైథాన్, దాని మీద కిటికీలు, బటన్లు, టేబుళ్లు కట్టుకునే టూల్‌కిట్ క్యూటీ, వెనకాల డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్, అంతే. క్యూటీ 4 చివరి రోజుల నుంచి దీన్నే నమ్ముకున్నాను కాబట్టి "డెస్క్‌టాప్ యాప్‌కి ఏ టూల్‌కిట్ బెటర్" అని అడిగేవాళ్లకి జవాబు ముందే చెప్పేస్తున్నా: స్క్రీన్ మీద తెలుగు ఉండి, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడవాలంటే క్యూటీ విడ్జెట్స్ (దాని రెడీమేడ్ బటన్లు, టేబుళ్లు) తీసుకోండి, లైసెన్సు చదవకుండా మాత్రం మొదలుపెట్టకండి.

మిగతావి చూడలేదని కాదు. టీకింటర్ పైథాన్‌తో పాటే వస్తుంది, చిన్న టూల్‌కి హాయి. కానీ లినక్స్‌లో దాని అడుగున ఉండే టీకే 8.6 ఒత్తులు కలపదు, "లక్ష్మి" అని రాస్తే పొల్లులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. ఆ స్క్రీన్ కస్టమర్‌కి ఎలా చూపిస్తాం? డబ్ల్యూఎక్స్ విడ్జెట్స్ 1992 నాటిది, ఫైల్‌జిల్లా, కైక్యాడ్ దాని మీదే నడుస్తున్నాయి, ఏ సిస్టమ్‌లో ఆ సిస్టమ్ బటన్లే వాడుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ విండోస్‌లో సరిగ్గా అమరిన ఫారమ్ లినక్స్‌లో ఇంకోలా సాగుతుంది, రెండుచోట్లా కూర్చుని సర్దుకోవాలి. జీటీకే లినక్స్‌లో మంచిదే, విండోస్‌కి పంపాలంటే దాని లైబ్రరీల మూట మొత్తం మోయాలి. ఎలక్ట్రాన్‌లో తెలుగు చక్కగా వస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నది క్రోమియమ్ బ్రౌజర్. అయితే మా షాపుల్లో 4 జీబీ ర్యామ్ సిస్టమ్‌లో అప్పటికే వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటుంది, మళ్లీ నేనొక బ్రౌజర్ దాని నెత్తిన పెట్టలేను.

క్యూటీ అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడుతుంది, అందుకే ఒత్తులు, గుణింతాలు రెండు సిస్టమ్స్‌లోనూ ఒకేలా పడతాయి. బ్యాక్‌స్పేస్ కొడితే "క్ష్మి"లో ముందు గుడి పోతుంది, తర్వాత మ, తర్వాత పొల్లు, ఒక్కొక్కటిగా. డిలీట్ కొడితే ముక్క మొత్తం ఎగిరిపోతుంది. కొత్తవాళ్లు కంగారు పడతారు, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. అసలు తలనొప్పి ఎత్తుతో. స్క్రీన్లు గీసుకునే క్యూటీ డిజైనర్‌లో బటన్‌కి 24 పిక్సెల్స్ అని ఫిక్స్ చేశారనుకోండి, ఇంగ్లిష్‌లో ముద్దుగా ఉంటుంది, "ఉష్ణోగ్రత" అని పెట్టగానే కింది ఒత్తులు కోసుకుపోతాయి. ఎత్తు జోలికి పోకుండా లేఅవుట్‌కే వదిలేయండి. ఫాంట్ కూడా యాప్‌తో పాటే పంపండి, యాడ్ అప్లికేషన్ ఫాంట్ అని ఒక్క లైను. విండోస్ 7లో గౌతమి, ఆ తర్వాతి వాటిలో నిర్మలా, లినక్స్‌లో ఇంకేదో, దేని ఎత్తు దానిదే కదా.

నన్ను ఇక్కడే ఉంచేసింది మాత్రం టేబుల్. డేటా ఇచ్చే మోడల్ ఒకచోట, దాన్ని చూపించే వ్యూ ఒకచోట. స్టాకులో వేల వరుసలున్నా స్క్రీన్ మీద కనబడే వాటినే అడుగుతుంది. యూరియా 45 కేజీల బస్తా ఎన్ని ఉన్నాయి, ఏ పురుగుమందు బ్యాచ్‌కి గడువు దగ్గరపడింది, ఆ వరుస ఎర్రగా కనబడాలా, అన్నీ డేటా అనే ఒక్క ఫంక్షన్‌లో తేలిపోతాయి. వడపోతకి, వరుస మార్చడానికి మధ్యలో ఇంకో ప్రాక్సీ మోడల్ పెడితే చాలు, అసలు డేటాని ముట్టుకోనక్కర్లేదు. క్యూటీలోనే స్క్రీన్లు రాసే ఇంకో పద్ధతి క్యూఎంఎల్ అంటే యువతకి మోజు గానీ, కీబోర్డ్ మీదే బిల్లు కొట్టేసే గుమాస్తాకి విడ్జెట్సే నయం.

ప్రింటింగ్ యావరేజ్. హెచ్‌టీఎంఎల్ ఇచ్చి ప్రింట్ తీయొచ్చు, కానీ అది అర్థం చేసుకునే సీఎస్‌ఎస్ బాగా తక్కువ, అందుకే గళ్ల బిల్లు అయితే నేను క్యూటీలో బొమ్మ గీసే పెయింటర్‌తో గీతలు నేనే గీసుకుంటాను. డాట్ మ్యాట్రిక్స్‌లో తెలుగు బొమ్మగానే వెళ్లాలి కాబట్టి నత్తనడకే, అది క్యూటీ తప్పు కాదు.

విసుగు తెప్పించేవీ ఉన్నాయి. క్యూటీ 5లో లోకేల్ (దేశం, భాష సెట్టింగ్) ఇండియా అని పెట్టినా లక్షని 100,000 అనే చూపిస్తుంది. 1,00,000 రావాలంటే ఆ కామాల ఫంక్షన్ మనమే రాసుకోవాలి, లేకపోతే లెక్కలు చూసే పెద్దాయన ఆ కాగితం ముట్టుకోడు. పైథాన్ నుంచి క్యూటీని వాడుకునే పైసైడ్‌ని మొత్తం ఇన్‌స్టాల్ చేస్తే సైజు భయపెడుతుంది, ఎసెన్షియల్స్ అని విడిగా ఉంది, ఇలాంటి యాప్‌కి అది చాలు.

ఇక లైసెన్సు. క్యూటీ 2009లో 4.5తో ఎల్‌జీపీఎల్ కిందకి వచ్చింది, అందుకే సోర్స్ ఇవ్వకుండా అమ్ముకునే యాప్‌లో కూడా వాడొచ్చు, కొనేవాళ్లు ఆ లైబ్రరీని మార్చుకునే వీలు ఉంచాలి. పైసైడ్ లాంటిదే ఇంకోటి, పైక్యూటీ, అలా కాదు, జీపీఎల్ (యాప్ ఇస్తే దాని సోర్స్ కూడా ఇవ్వాలి) లేదా డబ్బు. పైసైడ్ ఎల్‌జీపీఎల్. రెండింటి కోడ్ దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ట్యుటోరియల్ చూసి, లైసెన్సు చూడకుండానే పైక్యూటీతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. క్యూటీలోనే కొన్ని ముక్కలు, ఉదాహరణకి చార్ట్స్, జీపీఎల్ లేదా కమర్షియల్ మాత్రమే. గ్రాఫ్ కావాలంటే నేను మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీ తగిలిస్తాను.

వెర్షన్ సంగతికొస్తే, 2020 డిసెంబర్‌లో వచ్చిన క్యూటీ 6 హై డీపీఐ (పిక్సెల్స్ బాగా దట్టంగా ఉండే) స్క్రీన్లని తనే చూసుకుంటుంది, 5లో మనం ఆన్ చేయాలి. కొత్త ప్రాజెక్ట్ అయితే 6తోనే వెళ్లండి. కాకపోతే 6 విండోస్ 7 మీద నడవదు, 5.15 నడుస్తుంది, దాని దీర్ఘకాల అప్‌డేట్లేమో 2021 నుంచి ముందు డబ్బు కట్టినవాళ్లకే. మండలాల్లో విండోస్ 7 పెట్టెలు ఇంకా ఉన్నాయి, "నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి" అంటారు. వాళ్ల కోసం 5.15 బ్రాంచి ఒకటి విడిగా లాక్కొస్తున్నాను, కొత్త ఫీచర్లు అందులో వేయడం మాత్రం ఆపేశాను.