"రూలొచ్చింది సార్, ఏవాస్ కిట్ పెట్టించుకోండి" అన్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్ళకీ, సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్ళకీ ఈ హెచ్చరిక. ఏవాస్ అంటే నెమ్మదిగా వెళ్ళే ఈవీ వస్తోందని నడిచేవాళ్ళకి తెలిసేలా బయటికి శబ్దం చేసే ఏర్పాటు. బజార్లో ఆ పేరుతో అమ్మే కిట్ అంటే అరచేతిలో పట్టే నల్ల డబ్బా, చిన్న హారన్ లాంటి స్పీకరు, నాలుగు వైర్లు. "ఈవీలకి శబ్దం తప్పనిసరి చేశారు, లేకపోతే చలానా పడుద్ది" అని షాపువాళ్ళు భయపెట్టి గంటలో బిగించి పంపిస్తారు. ఆ మాటలో సగం నిజముంది. బిగించిన సరుకులో ఆ సగం కూడా ఉండదు.

ముందు రూలు సంగతి చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా ఇచ్చింది. ఎం, ఎన్ కేటగిరీల ఎలక్ట్రిక్ వాహనాలు, అంటే కార్లు, బస్సులు, వ్యాన్లు, లారీలు, ఏఐఎస్-173 అనే మన దేశపు వాహన ప్రమాణానికి సరిపోయే ఏవాస్‌తో తయారవ్వాలన్నది అందులోని ప్రతిపాదన. కొత్త మోడళ్ళకి 2026 అక్టోబరు 1, ఇప్పటికే అమ్ముతున్న మోడళ్ళకి 2027 అక్టోబరు 1 గడువు. ఆ తేదీలు బండి తయారైన తేదీకి సంబంధించినవి, బాధ్యత తయారీదారుది. మీ ఇంటి ముందున్న పాత కారుకి బజార్లో డబ్బా కొని తగిలించమని అందులో ఎక్కడా లేదు. స్కూటర్లు, ఈ-ఆటోలు ఆ కేటగిరీల్లోకే రావు, కాబట్టి స్కూటరుకి కూడా తప్పనిసరి అని ఎవరైనా చెబితే ఆ షాపు మెట్లు దిగేయండి.

పైగా ఇది తిరగబడే ప్రమాదం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది, రకరకాల స్వరాలు పలికే హారన్లనీ, కర్ణకఠోరంగా, బెదిరిపోయేలా మోగే ఏ పరికరాన్నైనా వద్దంటుంది. "పదహారు ట్యూన్లు" అని రాసున్న కిట్ పెట్టించుకుంటే, చలానా తప్పించుకోబోయి చలానాకే ఎదురెళ్ళినట్టు.

అసలు కంపెనీ నుంచి వచ్చే ఏవాస్ ఏం చేస్తుందో తెలిస్తే నకిలీ ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది. ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగం దాటాక టైర్ల రొద చాలు, కారు వస్తోందని తెలిసిపోతుంది. అంతకు లోపల మోటారు దాదాపు మూగది. చూపు లేనివాళ్ళు, పిల్లలు, ఫోన్లో తలదూర్చి నడిచేవాళ్ళు బండి పక్కకొచ్చేదాకా గమనించరు. ఆ ఖాళీని పూడ్చడానికే ఈ శబ్దం. ఐక్యరాజ్యసమితి 138వ రెగ్యులేషన్ లెక్క ప్రకారం కారు మధ్యగీతకి 2 మీటర్ల పక్కన, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెట్టి కొలిస్తే, 10 కిలోమీటర్ల వేగంలో కనీసం 50 డెసిబెల్స్, 20లో 56, రివర్స్‌లో 47 రావాలి. 75 దాటకూడదు. షాపువాడు "110 డెసిబెల్స్ సార్" అని గొప్పగా చెప్పేది ఏవాస్ కాదు, హారన్.

డెసిబెల్స్ కన్నా శ్రుతి ముఖ్యం. వేగం గంటకి ఒక్కో కిలోమీటరు పెరిగేకొద్దీ శబ్దం శ్రుతి కనీసం 0.8 శాతం చొప్పున పెరగాలి. 5 నుంచి 20కి వెళ్ళేసరికి 12 శాతం. సంగీతం తెలిసినవాళ్ళకి చెప్పాలంటే, షడ్జమం నుంచి చతుశ్రుతి రిషభానికి దగ్గర దగ్గర. బండి జోరందుకుంటోందా, ఆగబోతోందా అన్నది చూపు లేని మనిషికి చెప్పేది ఈ ఎక్కుదిగుళ్ళే. దానికి తోడు శబ్దంలో కనీసం ఒక భాగం 1600 హెర్ట్జ్ లేదా అంతకన్నా కింద ఉండాలన్నది ఇంకో షరతు. వయసు మీదపడితే చెవికి ముందు దూరమయ్యేవి సన్నటి శబ్దాలు. చిన్న హారన్ స్పీకర్లకి సన్నటి కీచే వస్తుంది, గంభీరమైన అడుగు స్వరం రాదు. అంటే ఎవరి కోసం పెట్టారో ఆ తాతగారికే వినపడదు. మూడో అంతస్తులో నిద్రపోయే పాపకి మాత్రం బాగా వినపడుతుంది.

ఇక కిట్ల లోపలి సంగతి. శ్రుతి మారాలంటే డబ్బాకి వేగం తెలియాలి. అది మూడు దారుల్లో ఏదో ఒకదాన్నుంచి తెచ్చుకుంటుంది, లేదా అసలు తెచ్చుకోదు.

తెచ్చుకోనిది చవక రకం. స్విచ్ వేస్తే ఒకటే రాగం. ట్రాఫిక్‌లో ఆగినా అదే, వంద మీద పోతున్నా అదే. రెండోది రివర్స్ లైటు వైరుకి తగిలించేది. అది వెనక్కి వెళ్ళేటప్పుడు మోగే పాత బీప్ తప్ప ఇంకోటి కాదు. మూడోది జీపీఎస్‌తో వేగం లెక్కగట్టేది. వినడానికి తెలివైన ఏర్పాటే. కానీ మన అపార్ట్‌మెంట్ సెల్లార్లో జీపీఎస్ అందదు. స్తంభాల చాటునుంచి పిల్లలు సైకిళ్ళేసుకుని బయటికొచ్చే చోటు అదే, కారు ఐదు, ఆరు కిలోమీటర్ల వేగంతో నిశ్శబ్దంగా జారే చోటూ అదే. సరిగ్గా అక్కడే డబ్బా నోరు మూసుకుంటుంది. ర్యాంపు ఎక్కి రోడ్డు మీదికొచ్చాక, శాటిలైట్ దొరికాక, మొదలుపెడుతుంది.

కారు క్యాన్ లైన్ నుంచి వేగం లాగేది నాలుగో రకం, అన్నిటికన్నా ప్రమాదకరం. క్యాన్ అంటే మెలిపెట్టిన జంట వైరు. బ్రేకులు, స్టీరింగ్, బ్యాటరీ నియంత్రణ అన్నీ దాని మీదే మాట్లాడుకుంటాయి. రెండు చివర్ల 120 ఓమ్స్ చొప్పున రెసిస్టర్లుంటాయి కాబట్టి, కరెంటు ఆపి రెండు వైర్ల మధ్య కొలిస్తే మీటరు 60 దగ్గర చూపాలి. తోలు ఒలిచి, వైరు చుట్టి, టేపు వేసే పనితనంలో ఆ లెక్క చెడితే డ్యాష్‌బోర్డు మీద పండగ లైట్లన్నీ వెలుగుతాయి. కోసిన వైరు చూశాక సర్వీస్ సెంటర్‌వాళ్ళు వారంటీ మాటెత్తనివ్వరు. నారింజ రంగు తొడుగున్న కేబుళ్ళ దరిదాపుల్లో బయటి మెకానిక్ చెయ్యే పెట్టకూడదు. అది వందల వోల్టులు ప్రవహించే దారి.

ఎక్కువమంది గమనించనిది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కీ తీసినా కరెంటు ఉండే వైరుకి కిట్ తగిలించేస్తారు, పని తేలిక కాబట్టి. డబ్బా ఊరికే ఉండి 200 మిల్లీ ఆంపియర్లు లాగిందనుకుందాం. రోజుకి 4.8 ఆంపియర్ అవర్స్. వారం ఊరెళ్ళి వస్తే 33 దాటుతుంది. 40 ఆంపియర్ అవర్స్ బ్యాటరీకి ఇక మిగిలేదేముంది? పెద్ద బ్యాటరీలో 80 శాతం ఛార్జి ఉన్నా, చిన్నది చచ్చిపోతే కాంటాక్టర్లు, అంటే పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు, పడవు, బండి కదలదు. ఇలా ఆగిన కార్లని చూసి "ఈవీలింతే" అనేస్తుంటారు.

పాటలు, స్పోర్ట్స్ కారు ఇంజన్ శబ్దం వేసే కిట్ల గురించి ఒక్క ముక్క. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో టెస్లా 5 లక్షల 78 వేలకి పైగా కార్లని రీకాల్ చేసింది. బయటి స్పీకర్లో నచ్చిన శబ్దం వేసుకునే బూమ్‌బాక్స్ సదుపాయం, పాదచారుల హెచ్చరిక శబ్దాన్ని మింగేస్తోందన్నదే కారణం. కంపెనీ పెట్టినదానికే అలా అయితే బజారు డబ్బాకి మినహాయింపు ఎక్కడిది? అక్కడున్న మనవాళ్ళు పాత టెస్లా "మోడల్ 3" కారు కొంటుంటే తయారీ తేదీ చూసుకోండి; 2019 సెప్టెంబరుకి ముందు తయారైనవాటికి ఆ స్పీకరే లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి బాధ వేరే రకం. కంపెనీ ఏవాస్ ఉన్న కార్లోనే "ఆ గుంయ్‌మనే సౌండ్ చిరాకు" అని పాత యజమాని పీకించేసి ఉంటాడు. లేదా ముందు బంపర్ గుద్దించి, బాగుచేయించినప్పుడు స్పీకర్ కనెక్టర్ తిరిగి పెట్టడం మరిచిపోయి ఉంటారు. కొన్ని కార్లలో స్పీకర్ ఊడితే లోపం నమోదవుతుంది, డ్యాష్‌బోర్డు మీద సందేశం కూడా వస్తుంది. స్పీకర్ బదులు ఒక రెసిస్టర్ తగిలిస్తే అదీ మాయమవ్వొచ్చు. అందుకని స్క్రీన్ శుభ్రంగా ఉందని నమ్మకండి, చెవితో వినండి.

వినే పద్ధతి ఇది. తెల్లారుజామున వెళ్ళండి. మన నివాస ప్రాంతాలకి పగటి పరిమితే 55 డెసిబెల్స్, వీధులు దాన్నీ దాటేస్తాయి. 50 డెసిబెల్స్ ఏవాస్ ఆ రొదలో ఏం తెలుస్తుంది? చుట్టూ శబ్దం 40కి దగ్గర్లో ఉంటేనే పరీక్షకి అర్థం. లోపల పాటలు, ఏసీ ఆపించండి. ఒకరు నడుపుతుంటే మీరు రెండు మీటర్ల పక్కన, కళ్ళు మూసుకుని నిలబడండి. 5, 10, 20 వేగాల్లో మీ ముందునుంచి పోనివ్వండి, తర్వాత రివర్స్. శ్రుతి ఎక్కడం, దిగడం వినపడాలి. ఫోన్లోని డెసిబెల్ యాప్ అంకె అంచనాకి మాత్రమే. నలభైలో నడిపి "చూడండి, శబ్దమే లేదు" అంటే మోసపోకండి, ఆ వేగంలో ఉండక్కర్లేదు. శబ్దం బొంగురుగా, జీరగా వస్తే స్పీకరు రేకులోకి బురద, నీళ్ళు చేరాయని. బంపర్ వెనక ఉంటుంది కాబట్టి ఇది మామూలే. ఆపే బటనుంటే నొక్కి, బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి, తనంతట తాను తిరిగి మొదలవుతుందో లేదో చూడండి.

కాగితాల్లో ఏవాస్ అని ఉండకపోవచ్చు. హ్యుందాయ్ దీన్ని వీఈఎస్ఎస్ అంటుంది, నిస్సాన్ వీఎస్‌పీ అంటుంది. ఓనర్స్ మాన్యువల్లో ఫ్యూజుల పట్టిక తెరిచి, అందులో దానికి విడిగా ఫ్యూజు ఉంటే పెట్టెలో ఆ గడి ఖాళీగా ఉందేమో కూడా చూడండి.

కిట్ ఇప్పటికే బిగించేసుకుంటే, బిగించిన షాపుకే తీసుకెళ్ళి పీకించకండి. సర్వీస్ సెంటర్లో తీయించి, కోసిన వైర్లని టేపుతో కాకుండా సోల్డర్ చేసి హీట్‌ష్రింక్ గొట్టం వేయమనండి. తర్వాత కీ తీసేసి, కారు పూర్తిగా నిద్రలోకి వెళ్ళడానికి అరగంట ఆగి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఎంత లాగుతోందో మీటరుతో కొలిపించి, ఆ అంకె జాబ్ కార్డు మీద రాయించుకోండి. వైరు లోపలికి తీయడానికి పొడిచిన రబ్బరు గ్రోమెట్‌ని కొత్తది వేయించడం మరిచిపోవద్దు, వానాకాలంలో కాళ్ళ దగ్గరికి నీళ్ళొచ్చేది ఆ కన్నంలోంచే.